ఆ రాత్రి బ్యాగులు మీరు పట్టుకోకండి

ప్రశ్న: నాకు 39 ఏళ్ళు. హైదరాబాద్‌లో ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో పనిచేస్తున్నాను. మార్చి మూడో వారంలో అమెరికాలోని ఓర్లాండోలో ఒక పెద్ద సదస్సు ఉంది. మా టీమ్ నుంచి ఆరుగురం వెళ్తున్నాం. నాకు అమెరికా ఇదే మొదటిసారి. బుధవారం రాత్రి ఏడున్నర నుంచి పదకొండు వరకు యూనివర్సల్ వాళ్ళ ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ పార్కు సదస్సుకి వచ్చినవాళ్ళ కోసం మాత్రమే తెరిచి ఉంచుతారట. టీమ్‌లో పిల్లలంతా (పాతికేళ్ళ వాళ్ళు) ఇప్పటినుంచే గంతులేస్తున్నారు. నాకేమో టెన్షన్. శ్రీశైలం ఘాట్ రోడ్డు మీదే నాకు వాంతులవుతాయి. వండర్‌లాకి వెళ్ళినప్పుడల్లా అందరి బ్యాగులూ, చెప్పులూ పట్టుకుని కింద కూర్చునేది నేనే. మందు తాగను, మాంసం తినను. మా మేనేజరూ, క్లయింట్లూ అక్కడే ఉంటారు. మా పాపకి 12 ఏళ్ళు, బాబుకి 8. అక్కడ ఉండే హ్యారీ పోటర్ మంత్రాల కోట అంటే పాపకి ప్రాణం. వాళ్ళు లేకుండా నేనొక్కదాన్నే వెళ్ళి చూడడం తప్పుగా అనిపిస్తోంది. "పిల్లలు లేకుండా పార్కేమిటమ్మా?" అని మా అత్తగారు నవ్వారు కూడా. పైగా గురువారం మధ్యాహ్నం నా ప్రజెంటేషన్ ఉంది. తలనొప్పి అని చెప్పి హోటల్‌లో పడుకుంటే సరిపోతుంది కదా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: సరిపోదండీ. వెళ్ళండి. తలనొప్పి నిజంగా వస్తే వేరే సంగతి, కానీ ముందుగానే సాకు సిద్ధం చేసుకోకండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది రైడ్ల భయం కాదు, బ్యాగుల మాట. ప్రతి ఇంట్లో ఒక మనిషి ఉంటుంది. అందరూ నీళ్ళలోకి దిగితే గట్టు మీద వాచీలు, సెల్‌ఫోన్లు పట్టుకుని నిలబడేది ఆవిడే. ఎవరూ ఆవిణ్ణి బలవంతపెట్టి నిలబెట్టరు. ఆవిడే ముందుకొచ్చి "మీరు వెళ్ళండి, నేను చూసుకుంటాను" అంటుంది. కొన్నేళ్ళకి అది అలవాటై, తనకి ఏది ఇష్టమో అడిగితే జవాబు కూడా తట్టదు. మీకు ఆ రాత్రి మూడున్నర గంటలు దొరుకుతున్నాయి. అందులో మీరు ఎవరికీ అమ్మ కాదు, కోడలు కాదు. ఆఫీసు పని కూడా సగం పక్కన ఉంటుంది. ఈ అవకాశాన్ని హోటల్ గదిలో పడుకుని పోగొట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

ముందు ఆ "తప్పు" సంగతి చూద్దాం. ఇలాంటి రాత్రులు ఎలా జరుగుతాయంటే, ఆ రోజు పార్కుని మామూలు జనానికి తొందరగా మూసేస్తారు. నిర్వాహకులు దాన్ని కొన్ని గంటలకి అద్దెకి తీసుకుంటారు. ఆ డబ్బు సదస్సు రిజిస్ట్రేషన్ ఫీజుల్లోంచీ, స్పాన్సర్ల దగ్గర్నించీ వస్తుంది. అంటే మీ వాటా మీ కంపెనీ ఎప్పుడో కట్టేసింది. మామూలు రోజున ఆ పార్కుకి ఒక్కరోజు టికెట్టే 100 డాలర్లు దాటుతుంది. మీరు వెళ్ళకపోయినా ఆ డబ్బు ఎవరికీ తిరిగి రాదు, మీ పాపకీ ఏమీ మిగలదు.

పిల్లల విషయంలో ఒక మంచి వీలుంది. మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారాలు గంట ముందుకి జరుపుతారు. అందువల్ల మీరు వెళ్ళేసరికి ఓర్లాండోకీ మనకీ తొమ్మిదిన్నర గంటల తేడా ఉంటుంది. అక్కడ బుధవారం రాత్రి తొమ్మిదిన్నర అయితే ఇక్కడ గురువారం ఉదయం ఏడు. మనకి అప్పటికి ఒంటిపూట బడులు మొదలయ్యే రోజులు కాబట్టి పాప అప్పుడు జడ వేయించుకుంటూనో, టిఫిన్ తింటూనో ఉంటుంది. సరిగ్గా ఆ టైముకి కోట ముందు నిలబడి వీడియో కాల్ చేయండి. పది నిమిషాలు చూపించండి, తను అడిగినవన్నీ చూపించండి. తర్వాత ఫోన్ బ్యాగులో పెట్టేయండి. రాత్రంతా ఫోన్ పైకెత్తి పట్టుకుని తిరిగితే మీరు చూసేది తెరనే. ఈ కాల్ సంగతి పాపకి ఇప్పుడే చెప్పండి. తనకి ఎదురుచూపు, మీకు కాస్త నిశ్చింత.

ఇక ఆ పార్కు ఎలా ఉంటుందో చెబుతాను. భయం సగం తెలియకపోవడం వల్లే కదా. 1999లో మొదలైన పార్కు అది. మధ్యలో ఒక చెరువు, దాని చుట్టూ గుండ్రంగా దారి. ఆ దారి వెంట ఒక్కో కథాలోకం ఒక్కో దీవిలాగా ఉంటుంది. గేటు దాటాక ఎడమకి తిరిగితే ముందు ఆకుపచ్చ పట్టాల హల్క్ రోలర్ కోస్టర్ వస్తుంది. కుడికి తిరిగితే చిన్నపిల్లల బొమ్మల లోకం, రంగులరాట్నం. మీ పాప కోట ఉన్న ఊరు, హాగ్స్‌మీడ్, గేటుకి దాదాపు ఎదురుగా, చెరువు అవతలి వైపు ఉంటుంది. ఎటు తిరిగినా అక్కడికే చేరతారు, కాబట్టి తప్పిపోయే భయం పెట్టుకోకండి.

వెళ్ళినవాళ్ళంతా సాధారణంగా గేటు దగ్గర కనిపించిన మొదటి భోజనాల బల్ల దగ్గరే ఆగిపోతారు, లేకపోతే హల్క్ దగ్గర. మీరు ఆగకండి. హోటల్‌లో ఆరింటికి ఏదైనా తేలికగా తిని వెళ్ళండి. లోపలికి వెళ్ళగానే నేరుగా చివరికి, హాగ్స్‌మీడ్‌కి నడవండి. అక్కడ మార్చి మధ్యలో సూర్యాస్తమయం ఏడున్నర ప్రాంతంలో. మీరు చేరేసరికి చీకటి పడుతూ ఉంటుంది, లాంతర్లు వెలుగుతాయి, ఫ్లోరిడా వాతావరణంలో కూడా ఇళ్ళ కప్పుల మీద కృత్రిమంగా చేసిన మంచు కనిపిస్తుంది. మామూలు రోజుల్లో ఆ వీధిలో భుజాలు రాసుకుంటూ నడవాలి. మొదటి గంటలో మీకు అది కాస్త ఖాళీగా దొరకవచ్చు. 2010లో ఆ ఊరు తెరిచినప్పటి నుంచి జనం దాని కోసమే ఖండాలు దాటి వస్తున్నారు. మీరు ఏ రైడూ ఎక్కకపోయినా ఆ వీధిలో గంటసేపు తిరగడానికే వెళ్ళవచ్చని నా అభిప్రాయం.

అక్కడ దొరికే బటర్‌బీర్ పేరు చూసి కంగారు పడకండి, అందులో మందు ఉండదు. బాగా తియ్యగా ఉంటుంది, ఒక గ్లాసు ఇద్దరు పంచుకోవచ్చు. అన్నట్టు, ఇంకో పార్కుకి వెళ్ళే రైలు ఒకటి ఆ ఊరి స్టేషన్ నుంచి నడుస్తుంది. ఒక్క పార్కునే అద్దెకి తీసుకున్న రాత్రి అది నడవకపోవచ్చు. పాపకి ముందే మాట ఇవ్వకండి. అలాగే ప్రైవేటు రాత్రుల్లో అన్ని రైడ్లూ తెరవాలని లేదు. ఏవి తెరుస్తారో సదస్సు యాప్‌లోనో, వాళ్ళు పంపే మెయిల్‌లోనో చూసుకోండి.

వాంతుల సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ చాలామంది పొరపడతారు. పెద్ద రోలర్ కోస్టర్లే కడుపులో తిప్పుతాయని అనుకుంటాం. నిజానికి లోపలి చెవి "కదులుతున్నాం" అని ఒకటి చెప్పి, కళ్ళు ఇంకొకటి చెబితే మనకి తిప్పుతుంది. ఘాట్ రోడ్డు మీద వెనక సీట్లో కూర్చుని ఫోన్ చూస్తే ఎక్కువవడం, ముందు సీట్లో కూర్చుని దూరంగా చూస్తే తగ్గడం అందుకే. ఈ లెక్కన మీకు అసలు ప్రమాదం తెరల మీద బొమ్మలు చూపిస్తూ సీటుని ఊపే రైడ్లతో. కోట లోపల ఉన్న పెద్ద రైడ్ అలాంటిదే. సీటు ఒక రోబో చేతికి తగిలించి ఉంటుంది. పక్కకీ వెనక్కీ వంచుతుంది, మధ్యలో తెరలు వస్తాయి. కడుపు గట్టిగా ఉన్నవాళ్ళకి కూడా అక్కడ తిప్పుతుంది. మీరు అది వదిలేయండి. కానీ ఆ క్యూ దారి కోట గదుల్లోంచే వెళ్తుంది, మాట్లాడే చిత్రపటాలు కూడా ఉంటాయి. రైడ్ ఎక్కకుండా కోట లోపల మాత్రం చూసి వస్తానని గుమ్మం దగ్గర సిబ్బందిని అడగండి. వీలైతే పంపిస్తారు.

ఒక్కటంటే ఒక్కటి ఎక్కాలని మనసులో ఉంటే, అదే ఊళ్ళో హాగ్రిడ్ మోటార్‌బైక్ రైడ్ ఉంది. 2019 జూన్‌లో మొదలైంది. మొదలైన రోజు క్యూ 10 గంటలదాకా వెళ్ళింది. అంతటి రైడ్ మీకు ఆ రాత్రి చాలా తక్కువ సేపట్లో దొరకవచ్చు. ఆరుబయట నిజమైన పట్టాల మీద పోతుంది, తలకిందులు చేయదు. కళ్ళు చూసేదీ ఒళ్ళు కదిలేదీ ఒకటే కాబట్టి తెరల రైడ్ కంటే కడుపుకి ఇది చాలా నయం. కానీ మెత్తనిది అనుకోకండి. గంటకి 80 కిలోమీటర్ల దాకా వెళ్తుంది, ఒకచోట వెనక్కి నడుస్తుంది, ఒకచోట పట్టా ఉన్నట్టుండి కిందికి దిగిపోతుంది. మోటార్‌సైకిల్ సీటు కాకుండా పక్కనుండే తొట్టి సీటు అడగండి, కూర్చోవడానికి అది తేలిక. చూపు ముందుకే ఉంచండి. వద్దనిపిస్తే వరుస చివర కూడా "నేను దిగిపోతాను" అనవచ్చు, రోజూ ఎంతోమంది అంటారు, పక్క దారి చూపిస్తారు. అది కూడా వద్దనుకుంటే బొమ్మల లోకంలో పైన ఎత్తున మెల్లగా తిరిగే చిన్న రైలు ఉంది, పార్కు దీపాలన్నీ పై నుంచి కనిపిస్తాయి. రంగులరాట్నం ఎలాగూ ఉంది. దానికి వయసు అడ్డం ఏమీ లేదు. కాకపోతే గుండ్రంగా తిరగడం మీకు పడదని తెలిస్తే మానేయండి.

జురాసిక్ లోకంలో ఉండే వెలాసీకోస్టర్ జోలికి మాత్రం ఎవరు బతిమాలినా వెళ్ళకండి. 155 అడుగుల ఎత్తు, గంటకి 112 కిలోమీటర్ల వేగం, చెరువు నీళ్ళకి కాస్త పైన తలకిందులుగా పొర్లుతుంది. మీ టీమ్ పిల్లలు ఎక్కుతారు, మీరు కింద నిలబడి వాళ్ళ కేకలు వినవచ్చు. నీళ్ళ రైడ్లు కూడా రాత్రిపూట వద్దు. ఒళ్ళంతా తడిసి చల్లగాలికి బస్సు కోసం నిలబడితే మర్నాడు గొంతు పోతుంది, మీకేమో ప్రజెంటేషన్.

ఘాట్ రోడ్లకి మనవాళ్ళు వేసుకునే అవోమిన్ లాంటి మాత్రలు వేసుకోవాలా అని మీకు సందేహం రావచ్చు. అవి బాగా నిద్ర తెప్పిస్తాయి. అసలే మీ ఒంటికి ఏడున్నరంటే తెల్లవారుజామున అయిదు. పైగా ఆ మాత్ర వేసుకుంటే బెంచీ మీదే నిద్రపోతారు. తిప్పే రైడ్లు మానేయడమే మేలు. మాత్ర కావాల్సిందే అనుకుంటే బయల్దేరకముందే మీ డాక్టర్‌ని అడగండి, కొత్త మాత్ర మాత్రం అక్కడ మొదటిసారి ప్రయత్నించకండి. నడుము, మెడ, గుండె, బీపీ సమస్యలుంటే ఏ వేగం రైడూ వద్దు. ప్రతి రైడ్ ముందూ బోర్డు ఉంటుంది, చదవండి.

ఇప్పుడు మళ్ళీ బ్యాగుల దగ్గరికి వస్తాను. ఆ పార్కులో పెద్ద రైడ్ల దగ్గర చిన్న లాకర్లు ఉచితంగా ఇస్తారు. హల్క్, వెలాసీకోస్టర్ దగ్గరైతే మెటల్ డిటెక్టర్ దాటి వెళ్ళాలి, జేబులో ఫోన్ కూడా ఉండకూడదు. కాబట్టి మీ టీమ్ పిల్లల వస్తువులకి లాకరే చోటు, మీ ఒడి కాదు. "అక్కా, ఇవి కాస్త పట్టుకోండి" అనగానే మీ చేతులు వాటంతటవే ముందుకెళ్తాయి. వెళ్ళనివ్వకండి. "లాకర్‌లో పెట్టుకోండిరా, నేను అటు వెళ్తున్నాను, తొమ్మిదింటికి హాగ్స్‌మీడ్ వంతెన దగ్గర కలుద్దాం" అనండి. చాలు. "భయపడుతున్నారా అక్కా" అంటే "అవును, నాకు పడవు" అనండి. దానికి సంజాయిషీ ఏమీ అక్కర్లేదు.

పూర్తిగా ఒంటరిగా తిరగమని కాదు నేననేది. మీలాంటివాళ్ళు ఆ గుంపులో చాలామంది ఉంటారు. ఆసుపత్రుల నుంచి వచ్చిన నర్సులు, రికార్డుల విభాగం వాళ్ళు, రైడ్లు పడని యాభై ఏళ్ళ డాక్టర్లు. పగలు సదస్సులో మీ పక్కన కూర్చున్న ఒకావిణ్ణి "రాత్రి వెళ్తున్నారా? కలిసి తిరుగుదామా?" అని అడిగి చూడండి. పార్కులో పది నిమిషాల క్యూలో పిల్లల గురించీ ఊళ్ళ గురించీ మాట్లాడుకున్న పరిచయం, స్టాల్ ముందు కార్డులు మార్చుకున్న పరిచయం కంటే గట్టిగా నిలుస్తుంది. క్లయింట్లు కనిపిస్తే పలకరించండి, పని మాట ఎత్తకండి. వాళ్ళే ఎత్తితే "రేపు ఉదయం మాట్లాడదాం" అనండి. మీ మేనేజర్‌కి ఒకసారి కనిపించి నవ్వితే హాజరు పడినట్టే.

మందు గురించి మీరు అంత ఆలోచించక్కర్లేదు. నిమ్మచెక్క వేసిన సోడా నీళ్ళు చేతిలో ఉంటే ఎవరూ అడగరు. అడిగితే "నేను తాగను" అన్న రెండు మాటలు చాలు. తాగినవాళ్ళు ఎవరైనా హద్దు దాటి మాట్లాడితే, చెయ్యి వేస్తే, మర్యాద కోసం నిలబడకండి. అక్కణ్ణించి కదిలి దగ్గర్లో ఉన్న పార్కు సిబ్బందికి చెప్పండి. మర్నాడు సదస్సు నిర్వాహకులకి కూడా చెప్పండి. ఇలాంటివాటికి చాలా సదస్సుల్లో రాతపూర్వక నియమాలు ఉంటాయి. అది క్లయింటైనా సరే.

తిండికి మాత్రం కాస్త జాగ్రత్త కావాలి. "వెజిటేరియన్" అని చీటీ ఉంటే అందులో గుడ్డు ఉండవచ్చు. "వీగన్" అని ఉంటే పాలు కూడా ఉండవు, అది మీకు నిశ్చింత. చీటీ లేనివాటిలో అన్నం చికెన్ నీళ్ళతో వండి ఉండవచ్చు, బీన్స్‌లో పంది కొవ్వు కలపవచ్చు, సీజర్ సలాడ్‌లో చేపలు కలిసిన సాస్ ఉంటుంది, మెత్తని మిఠాయిల్లో జెలటిన్ ఉంటుంది. రిజిస్ట్రేషన్ ఫారంలో భోజనం గురించి అడిగిన చోట ఇప్పుడే రాయండి. హోటల్‌లో కాస్త మరమరాలో, చెగోడీలో ఉంచుకోండి.

బట్టల గురించి ఒక మాట. చీర, పొడవాటి చున్నీ ఆ రాత్రికి వద్దు. జీన్స్ మీద కుర్తీ, బాగా అలవాటైన బూట్లు వేసుకోండి. ఆ సదస్సులు జరిగే ఆరెంజ్ కౌంటీ కన్వెన్షన్ సెంటర్ అమెరికాలోని అతి పెద్దవాటిలో ఒకటి. మీది అక్కడే అయితే సాయంత్రానికే మీ కాళ్ళు లాగుతుంటాయి. బస్సు దిగాక పార్కు గేటుకి కూడా మంచి నడకే. నల్లపూసలు, గాజులు హోటల్ లాకర్‌లో పెట్టి వెళ్ళండి. రాత్రి పదికి గాలి చల్లబడుతుంది, పల్చటి స్వెటర్ నడుముకి కట్టుకోండి. సదస్సు బ్యాడ్జి, వాళ్ళిచ్చే రిస్ట్‌బ్యాండ్ లేకపోతే లోపలికి రానివ్వరు, ఆ రెండూ ముందు సర్దుకోండి.

రానూపోనూ బస్సులు సాధారణంగా నిర్వాహకులే పెడతారు. ఎప్పుడైనా క్యాబ్‌లో వెళ్ళాల్సి వస్తే ఉత్త "యూనివర్సల్" అని చెప్పకండి. 2025 మేలో ఎపిక్ యూనివర్స్ అని ఇంకో పార్కు తెరిచారు, అది వేరే చోట, కన్వెన్షన్ సెంటర్‌కి దగ్గర్లో ఉంది. మీకు కావలసింది ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్, పూర్తి పేరు చెప్పండి.

బుధవారం మధ్యాహ్నం ఒక సెషన్ వదిలేసి అరగంట నడుం వాల్చండి. రాత్రి తొమ్మిది దాటాక కాఫీ వద్దు. తిరుగు బస్సులు ముగింపు కంటే ముందే మొదలవుతాయేమో కనుక్కోండి. వీలుంటే పదింపావుకి కదలండి. పదకొండింటికి అందరూ ఒక్కసారే బస్సుల దగ్గరికి వస్తారు, ఆ వరుస రోలర్ కోస్టర్ వరుస కంటే పొడవు. పదకొండుకల్లా గదికి చేరి, నీళ్ళు తాగి, అలారం పెట్టుకుని పడుకుంటే మీ ప్రజెంటేషన్‌కి ఏ ఇబ్బందీ ఉండదు. స్లయిడ్లు మంగళవారం రాత్రికే పూర్తి చేసి ఉంచుకోండి, బుధవారం వాటిని ముట్టుకోవద్దు.